ఆవుకొట్టంలో జీపు

ఆ జీపును మా పుంగనూరింటికి ఎద్దులు లాక్కొచ్చాయి. నేను వాకిట్లో కూర్చుని రాగులు చెరుగుతున్నాను. ముందు బాడుగకు తెచ్చిన ఎద్దుల జత, వాటి వెనక మోకులు, ఆ వెనక నాలుగు చక్రాల మీద ఒక తుప్పు కుప్ప, దాని స్టీరింగు పట్టుకుని దర్జాగా మా మామ. టాపు లేదు, సీట్లు లేవు, చెక్కపీట వేసుకుని కూర్చున్నాడు. వీధి జనమంతా బయటికొచ్చి నవ్వుతుంటే ఆయన కూడా నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మా అత్త చీపురు చేత్తోనే వచ్చి చూసింది. "ఇదేందయ్యా, శవాన్ని ఈడ్సుకోనొచ్చినావు?" అంది.

"శవం కాదే, మిలిటరీ జీపు. నేను యుద్ధంలో తోలింది ఇట్లాంటిదే. లేపి సూపిస్తా సూడు."

"లేపేది కాదు, ముందు దాన్ని పెట్టేది యాడ?"

పెట్టింది ఆవుకొట్టంలో. మా పొట్టి ఆవును విప్పి వేపచెట్టు కింద కట్టేసి, దాని చోట జీపును నిలబెట్టాడు. ఆ ఆవు వారం రోజులు అలిగి పాలు సరిగ్గా ఇవ్వలేదు. నేనూ అలిగాను కానీ నన్నెవరూ పట్టించుకోలేదు.

ఇది ఎనభయ్యో దశకం చివరి మాట. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మామ వయసులో ఉండగా మిలిటరీలో డ్రైవరు. తిరిగొచ్చాక సేద్యంలో పడ్డాడు గానీ మనసంతా బండ్ల మీదే. ఏదో సర్కారు ఆఫీసులో పనికిరాని జీపును వేలం వేస్తున్నారని చెవిన పడితే, మంచి ఎద్దుల జతను అమ్మేసి మరీ దాన్ని కొన్నాడు. మా ఆయన మదనపల్లెలో గుమాస్తా. పొద్దున బస్సుకు పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. సైకిలు చైను ఊడితే పక్కింటివాళ్లను పిలిచే మనిషి. ఇంక ఆ జీపుకు ఇంట్లో దిక్కెవరంటే నేనే. "అమ్మా, ఇది పట్టుకో. అమ్మా, దీపం ఎత్తు. అమ్మా, ఆ పెద్ద స్పానరు అందియ్యి." నా సంగటి గిన్నెలో కిరసనాయిలు పోసి మరలు నానబెట్టాడొకసారి.

"మామా, రేపు నీకు సంగటి దేంట్లో కెలికేది?" అని గొంతు పెంచాను.

"కడిగిస్తాలేమ్మా."

"కిరసనాయిలు కంపు కడిగితే పోతాదా?"

"పోకపోతే ఏమి, తొందరగా ఉడుకుతాది," అన్నాడు. కోపంగా ఉండాలనుకున్నాను. నవ్వొచ్చి చచ్చింది.

ఆయన కోరిక ఒక్కటే. రామకుప్పం అవతల అడవి అంచున ఆయన పుట్టిన పల్లె ఉంది. ఏనుగులు దిగి రాగిచేలు తొక్కేసే చోటు. బస్సు పోదు, మామూలు కారు పోదు. ఆ రాళ్లదారిలో జీపు తానే తోలుకుంటూ, పక్కన అత్తను కూర్చోబెట్టుకుని ఒక్కసారి పోయి రావాలి. "పెండ్లయినప్పుడు మీ అత్తను ఎద్దులబండిలో తెచ్చినా. పండుగకు జీపులో తీసకపోతానని ఆ పొద్దే మాటిచ్చినా," అనేవాడు. అత్త మూతి తిప్పేది. "యా పండుగకో చెప్పలేదు గదా, బతికిపోయినాడు," అనేది. కానీ పెట్టె అడుగున ఆకుపచ్చ పట్టుచీర ఒకటి మడత విప్పకుండా ఉంచింది. అది ఎందుకో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

అంతలో మామ నడుస్తూ నడుస్తూ చెంబులు తన్నడం మొదలుపెట్టాడు. గడప కొట్టుకునేవాడు. పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు మోచేత్తో తోసేసేవాడు. "కండ్లు యాడ పెట్టుకోని తిరగతాండావు?" అని అత్త కసిరేది. ఒకటే తలనొప్పి అంటుంటే, అద్దాలు పెట్టించమని మదనపల్లె కంటి డాక్టరు దగ్గరికి నన్ను తోడిచ్చి పంపింది.

డాక్టరు చాలాసేపు చూశాడు. నీటికాసుల జబ్బు అన్నాడు. పోయిన చూపు ఇక రాదు, ఉన్నది కూడా అంచుల నుంచి మూసుకుపోతూ వస్తుంది, చుక్కలమందు వేసుకుంటే కాస్త నెమ్మదిగా పోతుంది, అంతే. "ఎంత కాలముంటాది సామీ?" అని అడిగాడు మామ. చెప్పలేమన్నాడు డాక్టరు. అద్దాల మాటే రాలేదు.

బస్టాండులో నాకు టీ ఇప్పించి, తనది తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు. "మీ అత్తకు సెప్పొద్దమ్మా. మీ ఆయనకూ వద్దు. తెలిస్తే జీపు ముట్టుకోనియ్యరు."

"నాకు అబద్ధాలు చెప్పేది రాదు మామా."

"అబద్ధం ఎవరు సెప్పమన్నారు? ఊరికే ఉండు సాలు."

ఊరికే ఉండటమంటే ఆ మనిషి లెక్కలో అదొక పనే కాదు! నేనేమో గంపెడు నోరున్నదాన్ని. ఆ రోజు నుంచి అత్త "అద్దాలేవమ్మా?" అని అడిగినప్పుడల్లా నేను పొయ్యిలో పుల్ల ఎగదోసుకుంటూ కూర్చున్నాను.

ఇక అక్కడి నుంచి జీపు పని పరుగు. కానీ మనం పరుగెత్తితే సామాను పరుగెత్తుతుందా? ఈ పక్క ఒక మర బిగిస్తే ఆ పక్క ఒకటి విరిగేది. బ్రేకు సామాను పుంగనూరులో లేదు, మదనపల్లెలో లేదు. కుప్పంలో పాత ఇనుము అంగడి సాబు దగ్గర ఉందని తెలిసి ఇద్దరం పోయాం. బస్సు బోర్డులు ఆయనకు కనిపించడం మానేశాయి గనక నేను లేకుండా ఆయన కదలలేడు. "మామాకోడండ్లు ఇనుప ముక్కలకు ఊరూరా తిరగతాండారు" అని వీధిలో ఆడవాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

సాబు ముసలాయన. గోనెసంచి కింద నుంచి వెతికి వెతికి ఒక ముక్క తీసి తుడిచాడు. "అరే భాయ్, నీ వయసుంటాది దీనికి. తీస్కో," అని చాపాడు. మామ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ముక్కకు జానెడు పక్కన గాలిలో ఆగింది. సాబు ఒక క్షణం ఆ చేతినే చూశాడు. తర్వాత లేచి, ముక్కను మామ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. మామ డబ్బులకని అవతలికి తిరిగినప్పుడు నన్ను మెల్లగా అడిగాడు. "బండి ఎవరు తోలతారమ్మా?"

"మా మామే," అన్నాను.

"అల్లా ఉండాడులే," అన్నాడు సాబు. బస్సులో వస్తూ దారి పొడుగునా మామ ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని తడుముతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

దసరా నాటికి జీపు నిలబడింది. చూపు ఇంకా గొట్టంలోంచి చూసినంత మిగిలింది. చివరగా ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, ప్రతి ముక్కనూ నోటితో ఊది, తెల్లగుడ్డ మీద వరసగా పేర్చాడు. విజయదశమి పొద్దున మంచి గడియలో బిగించి జీపు లేపాలని ఆయన లెక్క. ముందురోజు ఆయుధపూజ. మా పక్క ఆయుధపూజంటే తెలుసు కదా. కొడవలి, పార, కత్తిపీట, తక్కెడ, ఏది చేతికి అన్నం పెడితే అది దేవుడి ముందు చేరాల్సిందే. పూజలో పెట్టినదాన్ని మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టరు.

అత్త ఆ ఏడు ఎంత శ్రద్ధగా చేసిందంటే ఏం చెప్పేది! పైకి తిట్టినా ఆమెకూ జీపు లేవాలనే ఉంది. స్పానర్లన్నీ పసుపునీళ్లతో కడిగింది. తెల్లగుడ్డ మీది ముక్కల్ని పళ్లెంలోకి ఎత్తి, ఏ ఒక్కదాన్నీ తక్కువ చేయకుండా, అన్నిటికీ గంధం అద్ది కుంకుమ పెట్టింది. చిటికెన వేలి గోరంత ఇత్తడి మరలకు కూడా. నేను పక్కనే కూర్చుని గంధం తీసిచ్చాను. చూడముచ్చటగా ఉన్నాయి.

పొద్దున గడియ దాటిపోతుందని మామ ఆదరాబాదరా పైపైన తుడిచి, తడిమి తడిమి బిగించాడు. హ్యాండిలు తిప్పాడు. ఉలకదు పలకదు. మా ఆయన తిప్పాడు. పక్కింటివాళ్లు తిప్పారు. వీధంతా వచ్చి తోశారు. ఊహూఁ.

అప్పటి నుంచి మొదలైంది మా అవస్థ. ప్లగ్గులు మార్చాడు. వైర్లు మార్చాడు. ట్యాంకు దించి కడిగాడు. బిగించిన ఇంజనును మళ్లీ విప్పాడు. ఒక్క కార్బురేటరును మాత్రం ముట్టలేదు. "అది నా చేత్తో కడిగి ఊదింది," అనేవాడు. మెకానిక్కును పిలిపిస్తానని మా ఆయన అంటే ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాడు. పరాయి మనిషి వచ్చి పక్కన నిలబడితే తన కళ్ల సంగతి బయటపడుతుందని ఆయన భయం. పగలంతా ఆయన వేళ్లు మరల మీద పురుగుల్లా పాకుతుండేవి. నాకు కళ్లున్నాయి గానీ ఏది ఎలా ఉండాలో తెలియదు. ఆయనకు అన్నీ తెలుసు గానీ కనబడదు. అలా ఇద్దరం ఆ కొట్టంలో ఎదురెదురుగా కూర్చుని ఆ చలికాలమంతా గడిపాం. చుక్కలమందు నేనే వేసేదాన్ని. వేసిన ప్రతిసారీ "ఇప్పుడు బాగుండాది," అనేవాడు. నమ్మినట్టు తల ఊపేదాన్ని, ఆయనకు కనబడదని తెలిసి కూడా.

ఎండలు ముదిరాక ఒకరోజు, ఇక విప్పడానికి ఏమీ మిగలక, కార్బురేటరు విప్పాడు. చిన్న ఇత్తడి మరను పెదవుల దగ్గర పెట్టుకుని ఊదాడు. మళ్లీ ఊదాడు. ముఖం మారింది.

"అమ్మా, దీన్ని ఎండకు పట్టి సూడు. నడిమధ్యలో సూది మొనంత బొక్కుంటాది. అందులోంచే పెట్రోలు పోవాల. వెలుతురు కనపడతాందా?"

ఎత్తి చూశాను. "వెలుతురు లేదు మామా. ఎర్రగా ఏందో ఉండాది."

"ఎర్రగానా?"

గోటితో గీకితే రాలేదు. గంధం, కుంకుమ కలిసి గట్టిగా పట్టేసుకున్నాయి. ఇన్ని నెలలు పెట్రోలు తగిలినా కరగలేదు. ఆ గంధం తీసిచ్చింది నేనే. మామ చీపురుపుల్ల తెమ్మన్నాడు, నీళ్లు తెమ్మన్నాడు. అంత పెద్ద జబ్బు ఒక పుల్లతో, గుక్కెడు నీళ్లతో వదిలిపోయింది. చివర్న ఒక్కటే అన్నాడు: "మీ అత్తకు ఇదీ సెప్పొద్దు."

మర్నాడు పొద్దున హ్యాండిలు తిప్పగానే జీపు లేచింది. కొట్టమంతా పొగ, చప్పుడు. వేపచెట్టు కింద ఆవు పలుపు తెంపుకునేంత పని చేసింది. వీధి పిల్లాజెల్లా అంతా ఎగబడ్డారు. మా ఆయన గంతులేశాడు. మామ సీట్లో కూర్చుని రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాడు. కానీ అప్పటికి ఆ కళ్లకు మిగిలింది వెలుగూ చీకటీ తేడా మాత్రమే. ఇంట్లో అడుగుల లెక్కతో నెట్టుకొచ్చాడు గనక అది ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. రాత్రే నాతో అన్నాడు, పక్కన నడుస్తూ కుడి, ఎడమ చెప్పు, ఊరి పొలిమేర దాకా పోయొస్తా, అంతే చాలునని. వద్దంటే వినడు. చెప్పేద్దామంటే నోరు కట్టేశాడు. నేను జీపు పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాను.

అత్త లోపలి నుంచి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. నిమ్మకాయలు తెచ్చి, జీపుకు ఎదురుగా గొంతుక్కూర్చుని, ముందు టైర్ల కింద పెట్టింది. పెట్టి తలెత్తి మామ ముఖంలోకి చూసి నవ్వింది. ఆ నవ్వు నేనెన్నడూ చూడలేదు.

మామ ఆమె తల మీదుగా ఇంటి గుమ్మం వైపు తిరిగి కేకేశాడు. "యాడుండావే? ఇంక రా! బండి తయారుగా ఉంటే లోపలేం సేస్తాండావు?"

అత్త నవ్వు అలాగే ఆగిపోయింది. ఆమె ఆయనకు బారెడు దూరంలో ఉంది. లేచి నిలబడింది. ఆయన చూపు గుమ్మం మీద నుంచి కదల్లేదు. మెల్లగా జీపు చుట్టూ నడిచి ఇవతలికి వచ్చింది. అప్పుడూ ఆయన గుమ్మం వైపే చూస్తున్నాడు. అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని జీపెక్కి ఆయన పక్కన కూర్చుంది. "వచ్చినాలేయ్యా," అంది.

"పోదామా?" అన్నాడు మామ. ముఖం వెలిగిపోతోంది. చెయ్యి గేరు మీద ఉంది.

ఏనుగుల్ని డబ్బా కొట్టి తరిమిన ఊరి కోడలు ఆమె. చీకటనీ పామనీ వెనక్కి తగ్గగా నేనైతే చూడలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఈపొద్దు వద్దయ్యా. నాకు బయమేస్తాంది," అంది.

ఆయన గేరు మీది చెయ్యి తియ్యకుండానే, రెండో చేత్తో ఆమె వేళ్లను తడిమాడు. వీధి జనం "పోనీ, పోనీ" అని అరుస్తున్నారు.

"సరేలే. నీకు బయమైతే వద్దు," అని ఇంజను ఆపేశాడు.