ఫ్రేములక్క అంటించిన బొమ్మలు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పటాలు కట్టే దుకాణం తండ్రి నుంచి వచ్చింది, దాంతోపాటే ‘ఫ్రేములక్క’ అన్న పేరూ వచ్చి అతుక్కుపోయింది. పనిలో ఆవిడకి వంక పెట్టలేం. కోపం వస్తే మాత్రం మనిషి కాదు. ఎవరితోనైనా మాటలు మానేసిందంటే, వాళ్ళు ఎదురుగా నిలబడ్డా వెనకున్న గోడనే చూస్తుంది. దాన్ని ఆవిడ పట్టుదల అనుకునేది. మిగతావాళ్ళు మొండితనం అనేవాళ్ళు, ఆవిడకి వినబడకుండా.

తోడబుట్టిన తమ్ముడితో మాటలు మానేసి ఎనిమిదేళ్ళు. తాగిన మైకంలో గొడవపడి ఒక మనిషిని తోసేశాడు. ఆ మనిషి మెట్ల మీద నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు, వీడు జైలుకి పోయాడు. వాడి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపించేసింది. మంచాన పడ్డ తల్లి “వాణ్ణి ఒక్కసారి చూపించవే” అని అడిగినప్పుడల్లా “చూద్దాంలే” అంది. అలా చూద్దాం చూద్దాం అంటుండగానే తల్లి కన్నుమూసింది. ఆ సంగతి జైలుకి కబురు పెట్టలేదు. మొదట కోపంతో పెట్టలేదు. తర్వాత మొహం చెల్లక పెట్టలేదు. అలా రెండేళ్ళు గడిచిపోయాయి.

ఇలా ఉండగా జైల్లో బొమ్మలు నేర్పే మాస్టారు ఒకాయన ఇరవై మూడు బొమ్మలు చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఖైదీలు వేసినవి, ఎగ్జిబిషన్‌లో పెడతారట, ఫ్రేములు కట్టాలి. అన్నీ పాత ఆఫీసు ఫారాల వెనక వేసినవే. వేసినవాళ్ళ పేర్లు లేవు, మూలన అంకెలున్నాయి అంతే.

మిగతా దుకాణాలవాళ్ళు బొమ్మకి నాలుగు మూలలా టేపు వేసి వదిలేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి కాగితం ఉబ్బిపోతుంది. ఫ్రేములక్క అలా కాదు. కాగితం వెనకంతా తెల్ల జిగురు పూసి, అట్ట మీద పరిచి, మధ్య నుంచి అంచులదాకా రోలరుతో నొక్కుతుంది. తండ్రి నేర్పిన పద్ధతి అది. “నా చేతిలో పడ్డ బొమ్మకి ముడత పడదు” అని గొప్పగా చెప్పుకునేది, అది నిజం కూడాను. మొదటి రెండు బొమ్మల వెనకా అచ్చు గీతలూ గడులూ, వాటిలో ఏవో రాతలూ కనిపించాయి; ఎవరో నింపిన ఆఫీసు ఫారాలే అనుకుంది. ఆ తర్వాత వెనకవైపు చూడటమే మానేసింది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

పదిహేడో బొమ్మ అట్టకి నొక్కాక చెయ్యి ఆగిపోయింది. అందులో ఉన్నది ఆవిడ ముందున్న బల్లే. కత్తి గాట్లు, పొట్టి కాలు కింద మడిచిపెట్టిన అట్టముక్క, అన్నీ ఉన్నాయి. బల్ల చివర స్టూలు మీద తల్లి కూర్చుని గుడ్డతో అద్దం తుడుస్తోంది. పక్కన ఎవరివో రెండు చేతులు ఫ్రేము పట్టుకుని ఉన్నాయి. మొహం వెయ్యలేదు.

“బొమ్మలేసుకుంటున్నాడన్నమాట, దొరగారు” అంది పైకే. అద్దం బిగించేసింది. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

నాలుగు నెలల తర్వాత ఎగ్జిబిషన్ పెట్టారు. ఫ్రేముల పని ఎలా కుదిరిందో చూడటానికని తనకి తానే సర్దిచెప్పుకుని వెళ్ళింది. ఫ్యాక్టరీ బట్టల్లో ఉన్న ఒకావిడ గోడ మీది పటం దింపి, వెనక్కి తిప్పి, మాస్టారిని అడుగుతోంది.

“వెనకాల మా పాపకి రాశానని చెప్పాడండీ మా ఆయన. ఏదండీ?”

మాస్టారు అట్టని తడిమి చూశాడు. “అందరూ రాశారమ్మా. ఫారంలో ఖాళీ ఉన్నచోటల్లా రాశారు. ఉత్తరాలు తిరిగొచ్చేసేవాళ్ళు మరీ ఎక్కువ రాశారు.” అప్పుడాయన ఫ్రేములక్క వైపు చూశాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

మాస్టారిని అడిగి తమ్ముడి బొమ్మని దుకాణానికి తెచ్చుకుంది. అద్దం తీసి, తడిగుడ్డ వేసి, పల్చటి కత్తితో అంచు లేపబోయింది. ఆవిడ పెట్టిన జిగురు కదా, ఎందుకు వదుల్తుంది! కాగితం పొడి పొడిగా రాలింది. బల్ల పోయింది, తల్లి పోయింది, అడుగున నీలం సిరా మరక మాత్రం మిగిలింది. మిగతా ఇరవై రెండింటి మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

సోమవారం జైలుకి వెళ్ళింది. జాలీకి అవతల తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. జుట్టు సగం నెరిసింది.

“అమ్మ పోయిందిరా” అంది, ఇంకో మాట లేకుండా. “రెండేళ్ళు దాటింది.”

“తెలుసక్కా. మన వీధివాడొకడు ఇక్కడికొచ్చాడు. ఆ నెలలోనే చెప్పాడు.”

ఆవిడ జాలీకి దగ్గరగా జరిగి అంది: “నీ బొమ్మ వెనక ఏం రాశావో నేను చూళ్ళేదురా. జిగురు పూసేశాను.”

అతను ముందు నవ్వాడు. “నాన్న పద్ధతేగా. నేనూ ఆ బల్ల దగ్గర పెరిగినవాణ్ణే, నాకూ తట్టలేదు చూడు.”

“ఏం రాశావో ఇప్పుడు చెప్పరా.”

అతని నవ్వు పోయింది.

“నీ మీద కోపం పోవడానికి రెండేళ్ళు పట్టిందక్కా. పోయాకే రాశాను. బొమ్మలు నీ దుకాణానికే వెళ్తాయని మాస్టారు చెప్పారు, నువ్వు చదివుంటావనుకున్నాను. ప్రతి సోమవారం నా పేరు పిలుస్తారేమోనని కూర్చునేవాణ్ణి. చదివి కూడా రాలేదనుకున్నాను. ఈ నాలుగు నెలల్లో ఆ కోపం మళ్ళీ వచ్చేసింది.”

“చదవలేదని చెప్తున్నాగా!”

“విన్నాను. నమ్ముతున్నాను కూడా. అయినా ఆ మాటలు నోటికి రావట్లేదు. ఏం చెయ్యను?”

టైమైపోయిందని గార్డు కేకేశాడు. అతను లేచాడు. వచ్చే సోమవారం మళ్ళీ వస్తానంది ఫ్రేములక్క. అతను వద్దనలేదు. రమ్మనీ అనలేదు.