కీబోర్డు ముట్టని బాబాయి

ఆ ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో కంప్యూటర్లకి రోగమొస్తే కుదిర్చేది, అందరూ బాబాయి అని పిలిచే ఆయన. అంత పెద్ద వైద్యుడూ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంకొకరి కీబోర్డు ముట్టుకున్న పాపాన పోలేదు. పిలిస్తే వస్తాడు, కుర్చీ పక్కన నిలబడతాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుంటాడు. మిషను బాగుపడేదాకా ఆ చేతులు ముందుకి రావు. ఏ మీట నొక్కాలో నోటితో చెబుతాడు. నొక్కవలసింది మాత్రం మనమే.

ఈ నిష్ఠకి కారణమేమిటో ఆఫీసులో ఎప్పుడూ తేలలేదు. వేళ్ళకి ఏదో జబ్బుందని రిసెప్షనిస్టు అనుమానం. ఆయనకసలు టైపు చేయడమే రాదని అకౌంటెంటు వాదన. మీటలంటేనే పడదేమో అనుకుందామంటే, ఒకసారి ఆఫీసుకి వచ్చిన ఆయన భార్య ఆ మాటకి నవ్వేసి, ఇంట్లో టీవీ రిమోటు ఆయన చేతిలోంచి లాక్కోవడం ఎవరి తరమూ కాదని చెప్పి వెళ్ళింది. ఓపిక నశించిన అకౌంటెంటు ఓరోజు ఆయన చెయ్యి పట్టుకుని కీబోర్డు మీద పెట్టబోతే, పొయ్యి తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

ఇది చూసి యజమానికి ఒళ్ళు మండేది. అందరూ ఎవరి మిషను వాళ్ళే బాగుచేసుకుంటుంటే నీకు జీతం దేనికయ్యా అని నిలదీసేవాడు. బాబాయి ఏమాత్రం నొచ్చుకోకుండా, ఆ సంగతి తనకీ అంతుపట్టడం లేదనేవాడు.

ఆ ఆఫీసులో కొత్తావిడ చేరింది. పిల్లల కోసం పదేళ్ళు ఇంటిపట్టున ఉండి మళ్ళీ ఉద్యోగానికి వచ్చిన మనిషి. గీత గీస్తే వంక పెట్టలేరు గానీ, ఆ పదేళ్ళలో కంప్యూటర్లు చాలా మారిపోయాయి. ఇక్కడివన్నీ ఆవిడకి అలవాటైన విండోసు మీద కాక, లినక్సు మీద నడిచేవి. ఇవి మీకు చేతనవుతాయా అని యజమాని మొహం మీదే అడిగాడు. నెల్లాళ్ళు చూసి ఉంచుకోవాలో వద్దో చెబుతానన్నాడు.

ఆ నెల ఇంకా నిండలేదు. ఒక ఉదయం ఆవిడ పాస్‌వర్డు కొట్టగానే తెర నల్లబడింది, మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే తంతు. కాసేపట్లో ఆస్పత్రి వాళ్ళు తమ కొత్త కట్టడం ప్లాను చూడటానికి వస్తున్నారు. ఆ ప్లాను ఈ మిషన్లోనే ఉంది. ఆవిడ బాబాయికి కబురంపింది. ఈ ఉద్యోగం కాస్తా ఊడితే ఇంకెవరు పిలిచి ఇస్తారన్నది ఆవిడ భయం.

బాబాయి వచ్చాడు. చేతులు వెనక్కి వెళ్ళాయి.

"పాస్‌వర్డు తప్పని అంటోందా?"

"అనడం లేదు బాబాయ్ గారూ. లోపలికి రానిచ్చినట్టే రానిచ్చి గెంటేస్తోంది."

"అయితే తాళం మంచిదే. గొడవ ఇంట్లో ఉంది."

మూడు మీటలు కలిపి నొక్కించాడు. బొమ్మలన్నీ మాయమై ఉత్త అక్షరాల తెర వచ్చింది. ప్లాను కాస్తా పోయిందనుకుంది ఆవిడ. రంగులు పోయాయి గానీ ఫైళ్ళు ఎక్కడికీ పోలేదని ధైర్యం చెప్పి, ఆవిడ పేరుతోనే లోపలికి పంపించాడు. చుక్కతో పేరు మొదలయ్యే దాగి ఉండే ఒక ఫైలును చూపించమని అడిగించాడు. వచ్చింది ఆవిడేనని తెరకి సాక్ష్యం చెప్పే ఫైలు అది.

"దాని యజమాని ఎవరని ఉందో చదువు."

"రూట్ అని ఉంది. నా పేరు లేదే!"

"నిన్నేం చేశావమ్మా?"

చెప్పక తప్పలేదు. నిన్న సాయంత్రం తెర మొరాయిస్తే, ఇంటర్నెట్లో ఎవరో చెప్పారని, అడ్మిన్ అధికారంతో తెరను తెరిచింది. అప్పటికి పని జరిగింది కదా అని సంతోషించింది.

"అదీ సంగతి. రూట్ అంటే ఆ అడ్మినే. ఆ పెద్దమనిషి వచ్చి సాయం చేసి, పోతూ పోతూ నీ ఇంటి కాగితం తన పేర రాయించుకుపోయాడు. నేనూ ఒకప్పుడు చేసిన ఘనకార్యమే ఇది. తిరిగి నీ పేరు మీదికి మార్చుకుందాం, నేను చెప్పే ఆజ్ఞ కొట్టు."

ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఖాళీ వదలాల్సిన చోట వదల్లేదు. మిషను ఒప్పుకోలేదు. మెట్ల మీద యజమాని గొంతు వినిపించింది.

"మీరే కొట్టేయండి బాబాయ్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు పట్టుకుంటే కీబోర్డెవరు పట్టుకుంటారు? మొదట్నించీ కొట్టు, నిదానంగా."

ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. విసురుగా పక్కకి తిరిగింది. బాబాయి వీపు వెనక కుడిచేతి వేళ్ళు ఎడమ అరచేతి మీద ఆ ఆజ్ఞనే టకటకా కొట్టేస్తున్నాయి, వానజల్లు పడ్డట్టు. జబ్బూ కాదు, రాకపోవడమూ కాదు. ఆవిడ నోరెళ్ళబెట్టి, ఇటు తిరిగి, ఈసారి తప్పు లేకుండా కొట్టింది.

మళ్ళీ మొదటి తెరకి వచ్చి పాస్‌వర్డు కొట్టగానే తెర నిండా రంగులొచ్చాయి. ఆస్పత్రి ప్లాను తెరుచుకునేసరికి యజమాని అతిథులతో లోపలికి వచ్చాడు. ఉదయం నుంచీ తెర రాలేదని అప్పటికే ఆయన చెవిన పడింది.

"బాబాయి బాగుచేశాడా?"

"నేను చెయ్యి పెట్టలేదండీ, ఆవిడే చేసుకుంది," అన్నాడు బాబాయి. "కావాలంటే అకౌంటెంటుని అడగండి."

ఆయన చెయ్యి పెట్టడని ఆఫీసులో తెలియనిదెవరికి? అకౌంటెంటు నిజమేనన్నాడు. అంటూనే ఆగిపోయాడు. తన మిషను చచ్చిన రోజున కూడా బాబాయి ఇదే మాట చెప్పి యజమాని ఎదుట తనని కాపాడాడని అప్పుడు తట్టింది పాపం. యజమాని ఆవిడ వైపు కొత్తగా చూశాడు. నెల నిండేదాకా ఆగనక్కర్లేదని, రేపే ఉద్యోగం ఖాయం చేసేస్తానని అతిథుల ముందే అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ బాబాయిని పట్టుకుంది.

"అంతా మీరు చెబితేనే కదా చేశాను. అలా అబద్ధం చెప్పారేంటి?"

"అబద్ధమెక్కడ చెప్పాను? నేను ముట్టుకున్నానా?"

"లేదు."

"మరి? అబద్ధం చెప్పడం నాకు చేతకాదు తల్లీ. మాట తడబడిపోతుంది. అందుకే ముందే చేతులు కట్టేసుకుంటాను."