ఓవెన్‌లో పాలు పొంగించిన రోజు

మా అత్త నలభై ఏళ్ళుగా కేకు ముట్టలేదు. మా ఆయన మూడేళ్ళ వయసులో జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడివుంటే, బిడ్డ లేచి తిరిగితే నీచూ గుడ్డూ మానేస్తానని తిరుత్తణి మురుగనికి మొక్కుకుందట. బిడ్డ లేచాడు. ఇప్పుడు రోజూ రైలెక్కి మద్రాసుకు ఉద్యోగానికి పోతున్నాడు. వచ్చేటప్పుడు స్టేషను బయట బండి దగ్గర ఆగి ఆమ్లెట్ కూడా తింటాడు. మొక్కు మాత్రం ఆమెదే.

బంధువుల్లో ఎవరి పిల్లల పుట్టినరోజైనా సరే, కేకు ప్లేటు తన ముందుకు వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టేది. "నాకొద్దులేమ్మా, ఆ మెత్తమెత్తనిది నాకు నచ్చదు" అనేది. గుడ్డు లేనిదే అని బేకరీలో బోర్డు పెట్టినా నమ్మదు. "గుడ్డు కొట్టిన చేత్తోనే కదా దాన్నీ కలిపేది" అంటుంది.

కిందటేడు మా అమ్మాయి పుట్టినరోజుకు నాకొక పంతం పుట్టింది. మణవాళనగర్‌లో మా ఇంట్లోనే, ఆమె కళ్ళెదుటే, గుడ్డు నీడ కూడా పడకుండా కేకు చేసి, ఆమెకు తినిపించాలి. తిరువళ్ళూరులో గుడి తేరు నిలిపే తేరడి దగ్గర అంగట్లో చిన్న ఓవెన్ ఒకటి కొని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అంతకుముందు నాకు తెలిసిన బేకింగల్లా ఫోనులో తమిళ వీడియోలు చూసి నిట్టూర్చడమే.

పుట్టినరోజు మధ్యాహ్నం పెరుగులో సోడా వేస్తే బుసబుసా పొంగింది. మైదా, చక్కెర, నూనె కలిపి టిన్నులో పోశాను. సోడా కలిపాక పిండి ఆగకూడదని వీడియోలో వంట చేసే ఆమె మరీమరీ చెప్పింది. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలని కూడా చెప్పింది, అది నాకు పిండి కలిపాక గుర్తొచ్చింది. గబగబా స్విచ్చి మీద చెయ్యి వేశానో లేదో, వెనకనుంచి అత్త గొంతు.

"ఏమ్మే, కొత్త పొయ్యిలో పాలు పొంగించకుండానే పిండి పెట్టేస్తావా?"

"ఇది పొయ్యి కాదత్తా. కరెంటు పెట్టె."

"దీంట్లో వండుతావా, లేదా?"

"వండుతా."

"అట్లయితే పొయ్యే. ఈ ఇంట్లో చేరినప్పుడు గ్యాసు మీద పొంగించినాము, ఇండక్షను కొన్నప్పుడు పొంగించినాము. దీనికేం కొమ్ములు మొలిచినాయా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే ఆ ఓవెన్ కొన్నదే ఆమె కోసం. పాలు పొంగని పొయ్యిలో వండింది ఆమె తినదని నాకు తెలుసు. పోయి పాలు తెచ్చాను.

ఆమె తెచ్చిన ఇత్తడి చెంబు లోపల పట్టలేదు. చిన్న స్టీలు గిన్నెకు పసుపుకొమ్ము కట్టి, తొందరగా పొంగాలని అంచుదాకా పాలు పోసింది. లోపల ఏం జరుగుతోందో చూడడానికే ఆ పెట్టెకు గాజు తలుపు పెట్టారు. దాని నిండా మూడు పట్టెల విభూతి పూసి, నడిమధ్య కుంకుమ పెట్టింది. ఇక లోపల ఏం జరుగుతోందో మురుగనికే తెలియాలి.

నేను టైము మీట పావుగంటకు తిప్పి పెట్టాను. పుట్టినరోజని సెలవు పెట్టిన మా ఆయన, మా అమ్మాయితో కలిపి నలుగురం టీవీ ముందు కూర్చున్నట్టు ఓవెన్ ముందు కూర్చున్నాం. పావుగంటకు గంట మోగింది. అత్త రెండు చేతులూ జోడించింది. తలుపు కొంచెం తీసి చూస్తే పాలు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాయి.

"పొంగే ముందు గంట కొడతాదేమో" అన్నాడు మా ఆయన. చదువుకున్నవాడు కదా అని నమ్మి ఇంకో ఇరవై నిమిషాలు కూర్చున్నాం. అప్పుడు మా అమ్మాయి "అమ్మా, ఎర్రలైటు ఆరిపోయి శానాసేపయింది" అంది. గంట మోగిందంటే ఓవెన్ ఆగిపోయిందని అర్థమట. మేము ఆరిన పొయ్యి ముందు భక్తిగా కూర్చున్నాం. అవతల గట్టు మీద పిండిలో బుడగలు ఒక్కొక్కటే చస్తున్నాయి. ఆలస్యం అమృతం విషం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఈసారి కోపంకొద్దీ మీటలన్నీ చివరికంటా తిప్పేశాను. కాసేపటికి పైకడ్డీ వేడికి మీగడ దోసెలా ఎర్రగా కాలింది. దాని కింద పాలు ఉబ్బి, ఉబ్బి, ఒక్కసారిగా చీల్చుకుని కిందికడ్డీ మీద పడ్డాయి. చుయ్యిమన్న చప్పుడు, ఇల్లంతా పొగ. మేం ముగ్గురం దగ్గుతుంటే అత్త ప్రశాంతంగా "పొంగలో పొంగల్" అంది. "తూర్పుకే పొంగింది. ఇంక నీ పిండి పెట్టుకోమ్మే" అని కూడా అంది. ఆ పొగలో నాకు తూర్పేదో పడమరేదో కనపడలేదు.

ఓవెన్ చల్లారనిచ్చి, తుడిచి, మళ్ళీ వేడిచేసి టిన్ను పెట్టేసరికి గంటన్నర దాటింది. కడ్డీకి అంటుకున్న పాలు తుడిచినా పోలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, నా కేకు ఎంత మందం లోపలికి పోయిందో అంతే మందంతో బయటికొచ్చింది. పైన నలుపు, నడుమ గుంట, నిండా మాడుపాల వాసన. నాకు ఏడుపొచ్చింది. బేకరీకి పోయి వేరేది తెస్తానని మా ఆయన చెప్పులేసుకున్నాడు.

అత్త అప్పటికే ప్లేటు పట్టుకుని కూర్చుంది. "అది నాకేనంటివే. యాడ పెట్టినావు?" అంది.

ఇంక దాచి లాభం లేక తెచ్చాను. కత్తి దిగడానికి బలం కావలసి వచ్చింది. ఆమె ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. మేం ముగ్గురం ఆమె దవడల వైపే చూస్తూ నిలబడ్డాం.

"కేకంటే ఇంతేనా?" అంది చివరికి. "ఇవ్వళవుదానా?" అని అరవంలో కూడా అదే మాట అడిగింది.

నేను తల దించుకున్నాను.

"మీరంతా వేళ్ళు నాక్కుంటా తింటావుంటే నా నోట్లో నీళ్ళూరేది మే. నచ్చదని చెప్పి లోపల్లోపలే మింగుకున్నా. నలభై ఏండ్లు. దీనికా?" అని నవ్వింది. బరువు దించుకున్న మనిషి నవ్వే నవ్వు అది. "పోనీలే. నేను పోగొట్టుకునిందేమీ లేదు."

మా ఆయన చెప్పులతోనే గడపలో నిలబడిపోయాడు. ఇది కేకు కాదత్తా, నా చేతగానితనం, అసలుది నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ నలభై ఏళ్ళూ ఆమెకు తిరిగి ఎవరిస్తారు?

"అవ్వా, అసలు కేకు ఇట్ల ఉండ..." అని మా అమ్మాయి నోరు తెరిచింది. ఇంత ముక్క తుంచి దాని నోట్లో కుక్కాను. నమిలి మింగడానికి దానికి చాలాసేపు పట్టింది.