రింగు కింద జాగా

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం జనవరిలో నన్ను నల్లగొండ జిల్లా స్టేడియానికి బాస్కెట్‌బాల్ కోచ్‌గా బదిలీ చేశారు. అంతకు ముందు చాలా ఏళ్ళు మహబూబ్‌నగర్‌లో పనిచేశాను. నల్లగొండలో నాకు అప్పగించింది జూనియర్ బాలికల జట్టు, అంటే పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళది. చేరిన రోజునే క్రీడాధికారి నన్ను కూర్చోబెట్టి సంగతి చెప్పారు. అంతర్ జిల్లా పోటీల్లో ఈ జట్టు లీగ్ దశ దాటి చాలా కాలమైంది. ఈ ఏడాది కూడా దాటకపోతే బాలికల శిక్షణ కేంద్రాన్ని వేరే జిల్లాకు మార్చాలని పైవాళ్ళు అనుకుంటున్నారు. కేంద్రం పోతే పిల్లలకు సిమెంటు కోర్టు మిగులుతుంది గాని కోచ్ ఉండరు, బూట్లు ఉండవు, సాయంత్రం ఇచ్చే పాలూ గుడ్డూ ఉండవు.

మొదట కొన్నాళ్ళు నేను ఏమీ మార్చలేదు. కోర్టు పక్కన కూర్చుని చూశాను. పిల్లలు చురుకైనవాళ్ళే. బంతిని నేలకు కొడుతూ తీసుకుపోవడం, దూరం నుంచి గురి చూసి విసరడం బాగానే వచ్చు. లోపం ఒక్కచోటే ఉంది. రింగు కింద రంగు వేసిన దీర్ఘచతురస్రం ఒకటి ఉంటుంది, దాన్ని మేం పెయింట్ అంటాం. ఈ ఆటలో తేలికైన పాయింట్లన్నీ అక్కడ దొరుకుతాయి. రింగు దగ్గర కాబట్టి గురి తప్పడం తక్కువ. తప్పినా, రింగు వెనక ఉన్న బోర్డుకు తగిలి వచ్చే బంతిని మళ్ళీ అందుకోవచ్చు. ప్రత్యర్థి అడ్డం వచ్చి చేయి తగిలిస్తే, ఎవరూ అడ్డం రాకుండా విసిరే ఫ్రీ త్రో వస్తుంది. మా వాళ్ళు దాదాపు ఎవరూ ఆ పెయింట్‌లో అడుగు పెట్టేవాళ్ళు కారు. ఆ సంగతి అన్ని జిల్లాలకూ తెలుసు. అందుకే ప్రత్యర్థులు లోపలి కాపలా వదిలేసి బయటికి వచ్చి, విసిరే చేతులకు అడ్డం పడేవాళ్ళు. ఆట సగం అయ్యేసరికి మా పిల్లల భుజాలు వాలిపోయేవి.

జట్టులో పన్నెండు మందికే చోటు. అందులో ఎక్కువ మంది గార్డులే, అంటే బయట నుంచి ఆడేవాళ్ళు. రింగు కింద నిలబడేది ఒక్క స్వప్న. కేతేపల్లి మండలంలో ఒక ఊరి రైతు బిడ్డ. గట్టి శరీరం, ఎంత ఆడినా అలసిపోని ఊపిరి, ఎవరు తోసినా కదలని కాళ్ళు. కానీ ఎత్తు చాలదు. ఆమె విసిరిన బంతిని ఎత్తయిన పిల్లలు గాలిలోనే కొట్టేసేవాళ్ళు. బయటికి మార్చి గార్డుగా ఆడిద్దామంటే బంతితో పరుగెత్తడంలో వేగం లేదు.

ఏప్రిల్‌లో సూర్యాపేటలో స్కూలు పోటీలు చూసి బస్సులో తిరిగి వస్తున్నాను. ఎక్కడైనా ఒక్క పొడుగుపిల్ల దొరుకుతుందేమోనని వెళ్ళాను, దొరకలేదు. నకిరేకల్ దగ్గర బస్సు ఆగింది. హైవే పక్కన లారీలోంచి పుచ్చకాయలు దింపుతున్నారు. పైనుంచి ఒకాయన కాయ విసురుతుంటే, కింద వరుసగా నిలబడ్డవాళ్ళు చేతులు మార్చుకుంటూ కుప్ప దాకా చేరుస్తున్నారు. వరుసలో మొదటి మనిషి ఒక అమ్మాయి. మిగతా అందరికంటే తలంత ఎత్తు ఎక్కువ ఉంది.

నేను కిటికీలోంచి ఆమె చేతులు చూశాను. కాయ ఎక్కడికి రాబోతున్నదో అక్కడికి అవి ముందే పోతున్నాయి. తాకగానే మోచేతులు వెనక్కి వంగి ఆ బరువును లోపలికి తీసేసుకుంటున్నాయి, చప్పుడు లేదు. ఒక పాదం నేలలో పాతినట్టు ఉంచి, దాని మీదనే తిరిగి, పక్క మనిషికి అందించి, మళ్ళీ తిరిగి చేతులు పైకి చాపుతున్నది. ఆ తిరగడాన్ని మేం పివట్ అంటాం. అది నేర్పలేక నేను విసిగిపోయిన పిల్లలు ఎంతో మంది ఉన్నారు. అంతలో పైనున్న ఆయన ఎవరితోనో మాట్లాడుతూ ఒక కాయను పక్కకు విసిరేశాడు. అది నేల మీద పగలాల్సిందే. ఆ అమ్మాయి పాదం కదపకుండా నడుము వంచి, ఒంటిచేత్తో దాన్ని గాలిలో పట్టుకుని పొట్టకు హత్తుకుంది. వరుస ఆగలేదు. వాళ్ళకది రోజూ చూసేదే. నేను మాత్రం బస్సు దిగిపోయాను.

ఆ అమ్మాయి పేరు రూతు. నకిరేకల్ జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయింది. సెలవుల్లో తండ్రి ఏసోబుతో కలిసి హమాలీ పనికి వస్తున్నది. బాస్కెట్‌బాల్ ఎప్పుడూ ముట్టుకోలేదు. నేనెవరో, ఎందుకు అడుగుతున్నానో చెప్పాను. ఏసోబు తువ్వాలుతో ముఖం తుడుచుకుని నిదానంగా మాట్లాడాడు.

"ఆడుడు మంచిదే మేడం. మరి పొద్దుమీకినంక పిల్ల ఇంటికెట్ల రావాలె? జర గది చెప్పుండ్రి."

శిక్షణ కేంద్రంలో ఉండే వసతి, క్యాంపు నియమాలు వివరంగా చెప్పాను. ఆయన కూతురి వైపు చూశాడు. రూతు నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగింది. "నా కాలుకు బూట్లు దొరుకుతయా మేడం? యాడ దొరకయి."

హైదరాబాదు నుంచి మగపిల్లల బూట్లు, ఆమె పెద్ద పాదాల కొలతకు సరిపోయేవి, తెప్పించాను.

మిగిలిన ఎండాకాలమంతా ఆమెకు రింగు కింది ఆట నేర్పాను. రెండు చేతుల మధ్య బంతిని ఎత్తుగా పట్టుకోవడం, బోర్డు మీద ఏ చదరానికి తగిలిస్తే బంతి లోపల పడుతుందో, పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్న నియమం. ఒకసారి చూపిస్తే చాలు. జూలైలో ఎంపిక పోటీలు జరిగాయి. పుట్టిన తేదీ, చదువు ధ్రువపత్రాలు పరిశీలించాక, ముగ్గురు సభ్యుల కమిటీ ప్రతి పిల్లనూ ఒక్కొక్కరిగా ఆడించి చూసింది. రూతును ఎవరూ కాదనలేదు. అయితే ఐదు ఫౌళ్ళు చేసిన ఆటగత్తె బయటికి పోవాల్సిందే. రూతు పోతే లోపల ఇంకొకరు ఉండాలి కాబట్టి మిర్యాలగూడ నుంచి వచ్చిన మరో ఎత్తయిన అమ్మాయిని కూడా తీసుకోవాలని నేనే వాదించాను. ఆ ఇద్దరి రాకతో స్వప్న పదమూడో మనిషి అయింది. అంటే స్టాండ్‌బై. క్యాంపుకు రోజూ వచ్చి పోవచ్చు, జట్టుతో ప్రయాణం ఉండదు, బెంచీ మీద చోటు ఉండదు. మరుసటి ఏటికి ఆమె వయసు దాటిపోతుంది. మామూలుగా స్టాండ్‌బై పిల్లలు రెండు రోజులు వచ్చి మానేస్తారు. స్వప్న నోటీసు బోర్డు మీద పేర్లు చదువుకుని నా దగ్గరికి వచ్చింది.

"క్యాంపుకు నేను రావచ్చుగద మేడం?" అంది. రమ్మన్నాను.

క్యాంపులో అసలు చిక్కు బయటపడింది. ఒంటరిగా ఉన్నప్పుడు రూతు ఆట చూస్తే నోట మాట రాదు. ఎవరైనా వీపుకు ఆనుకుని నిలబడితే ఆ ఆటంతా మాయమైపోయేది. రింగు కింద ఆడడమంటే ఒంటితో జాగా సంపాదించుకోవడం. భుజం ఆనించాలి, తుంటితో వెనక్కి నెట్టాలి, నియమాలకు లోబడే చేయాలి గాని చేయకుండా కుదరదు. రూతు మిగతా పిల్లలతో కొంచెం చేసేది. స్వప్న వెనక నిలబడితే మాత్రం ముట్టుకునేది కాదు. బంతి అందుకుని, పక్కకు జరిగి, వేరెవరికో ఇచ్చేసేది. నేను కోప్పడ్డాను, బతిమాలాను. తల దించుకుని నిలబడేది.

ఒక సాయంత్రం స్వప్న ఆట మధ్యలో ఆగిపోయి అందరి ముందూ అడిగింది.

"ఎందుకు నన్ను నూకుతలేవు?"

రూతు మెల్లగా, "మా అమ్మ మీ పొలంల నాటుకొస్తదక్కా" అంది.

ఇద్దరివీ పక్క పక్క ఊళ్ళని నాకు తెలుసు, ఈ సంగతి తెలియదు. ఏ కోచింగ్ పుస్తకంలోనూ దీనికి కసరత్తు లేదు. స్వప్న ముఖం ఎర్రబడింది. కాసేపు బంతిని చేతుల్లో తిప్పుతూ నిలబడింది. తర్వాత దాన్ని రూతు చేతుల్లో పెట్టి తను రింగు కింద నిలబడింది.

"పొలం కేతేపల్లిల ఉన్నది. ఇది కోర్టు. నూకు. నూకకుంటె నేను రేపటి సంది రాను, నీకు ఎదురుంగ నిలబడేటోళ్ళు ఎవలుండరు."

రూతు వీపు ఆనించింది. మళ్ళీ తేలిపోయింది. స్వప్న వెనక నుంచి గట్టిగా అదిమింది. ఇంకోసారి. ఇంకోసారి. చివరికి రూతు పాదం పాతి, తుంటితో ఒక్క నెట్టు నెట్టి, తిరిగి, పైకి లేచింది. బంతి వల తాకిన చప్పుడు, స్వప్న సిమెంటు మీద పడ్డ చప్పుడు ఒకేసారి వినిపించాయి. రూతు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కొయ్యబారిపోయింది. స్వప్న లేచింది. మోచేయి గీరుకుపోయి రక్తం వస్తున్నది. దాన్ని చొక్కా అంచుతో అద్దుకుని, బంతిని వెతికి తెచ్చి మళ్ళీ రూతుకే ఇచ్చింది.

"గట్లనే" అంది. "మల్ల ఎయ్యి."

నా ఉద్యోగంలో పెద్ద పెద్ద ఆటగాళ్ళను దగ్గర నుంచి చూశాను. జాతీయ స్థాయి ఆటలకు రిఫరీగా కూడా నిలబడ్డాను. ఆ సాయంత్రం ఆ సిమెంటు కోర్టు మీద చూసినంత గొప్ప ఆట నేను చూడలేదు. విజిల్ నా నోట్లోనే ఉండిపోయింది.

అప్పటి నుంచి రోజూ ఇదే పని. ఒకరోజు స్వప్న తండ్రి స్టేడియానికి వచ్చాడు. బిడ్డ కింద పడడం, లేవడం గేటు దగ్గర నిలబడి చూసి నా దగ్గరికి వచ్చాడు. టీములో లేని పిల్లను ఇంకా ఎందుకు రప్పిస్తున్నారని అడిగాడు. ఎవరి చేతిలో దెబ్బలు తింటున్నదో కూడా గమనించానని అన్నాడు. ఆ మాటలో కోపం తెలుస్తూనే ఉంది. నేను జవాబు చెప్పేలోపు స్వప్న వచ్చింది.

"నన్నెవలు రప్పిస్తలేరు బాపూ, నేనే వస్తున్న. గీమె నా మీదికెళ్ళి ఏసిందంటె ఇగ ఎవల మీదికెళ్ళైన ఏస్తది. పోటీ అయిందాంక వస్త."

ఆయన కూతురి మోచేతుల వైపు చూశాడు. చీకటి పడేదాకా మెట్ల మీద కూర్చుని, ఆమెను బండి మీద తీసుకుపోయాడు.

వానాకాలం పోయాక పోటీలు మహబూబ్‌నగర్‌లో జరిగాయి. లీగ్ దశలో ఒకటి గెలిచాం, ఒకటి ఓడాం. మూడోది తప్పనిసరిగా గెలవాలి. ఎదురుగా ఉన్నది ముందటి ఏడు మమ్మల్ని చిత్తుగా ఓడించిన జట్టు. అలవాటు ప్రకారం వాళ్ళు లోపల ఖాళీ వదిలి మా గార్డుల మీదికి వచ్చారు. మా కెప్టెన్ బంతిని ఎత్తుగా లోపలికి అందించింది. రూతు అందుకుంది, నెట్టింది, తిరిగింది, వేసింది. మళ్ళీ అదే. ఇద్దరిని కాపలా పెట్టారు, అయినా ఆగలేదు. ముగ్గురు చుట్టుముట్టేసరికి బయట మా గార్డులకు ఖాళీ దొరికింది. దూరం నుంచి విసిరినవి ఆ రోజు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. జట్టు మొత్తం వేరే జట్టులా కనిపించింది. అవతలి కోచ్ టైమ్ అవుట్ అడిగి, పిల్లలతో మాట్లాడకుండా కాసేపు రూతు వైపే చూస్తూ ఉండిపోయాడు.

గ్యాలరీలో స్వప్న, ఆమె తండ్రి ఉన్నారు. ఇంకో వరుసలో ఏసోబు ఉన్నాడు. ఆ ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకోవడం నేను చూడలేదు. స్వప్న మాత్రం ఆట ఉన్నంతసేపు కూర్చోలేదు. గెలిచాక రూతు నా వైపు రాలేదు. కోర్టు దాటి, కంచె దగ్గరికి పోయి, ఇనుప జాలీలోంచి స్వప్న వేళ్ళు పట్టుకుని నిలబడింది.

క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయాం. శిక్షణ కేంద్రం నల్లగొండలోనే ఉండిపోయింది. రూతు తర్వాత రాష్ట్ర జట్టుకు ఆడి, క్రీడా కోటాలో ఉద్యోగం సంపాదించింది. స్వప్న జిల్లా తరఫున మళ్ళీ ఆడలేదు. వ్యాయామ విద్య చదివి ఇప్పుడు ఒక గురుకుల పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా ఉంది.

ఎత్తయిన మనిషిని వెతికి తేవడంతో లోపలి ఆట వస్తుందని అంతకు ముందు నేను అనుకునేదాన్ని. అది సగం పని. ఆ మనిషికి రోజూ ఎదురు నిలబడి, వెనక్కి తగ్గకుండా తోయించుకునే మరో మనిషి దొరికితేనే మిగతా సగం పూర్తవుతుంది. జట్టు జాబితాలో ఆ రెండో మనిషి పేరు కనిపించదు. రిటైరయ్యేదాకా ప్రతి ఎంపిక కమిటీలోనూ స్టాండ్‌బైలను కూడా చివరి రోజు దాకా క్యాంపులో ఉంచాలని, పోటీకి జట్టుతో పాటు తీసుకుపోవాలని రాతపూర్వకంగా అడిగాను. కొన్నిసార్లు ఒప్పుకున్నారు.