వీల్‌చైర్ ఆంటీ

మా వాళ్ళలో ఒక అలవాటుంది. ఐర్లండ్‌లో ఉన్న కూతురికి నెలలు నిండితే, హైదరాబాద్‌లో విమానం ఎక్కే తల్లికి తోడు కోసం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతారు. ఫలానా తేదీన డబ్లిన్ వస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, అమ్మకి ఇంగ్లీషు రాదు, మధ్యలో విమానం మారాలి, కాస్త చూసుకోగలరా అని. పదకొండేళ్ళుగా ఆ మెసేజ్‌లు చూస్తూనే ఉన్నాను. ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఎవరి తల్లినో వెంటేసుకుని తిరగడానికి నేనేం టూరిస్ట్ గైడునా? డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో ఒంటిగది ఫ్లాటు, ఆఫీసు, శనివారం సరుకులు. మనిషి పక్కనుంటే అడుగు పడనంతగా ఒంటరితనం అలవాటైపోయింది నాకు.

ఆసారి మాత్రం మా అమ్మ సంవత్సరీకానికి వెళ్ళి తిరిగొస్తున్నాను. మనసు మెత్తబడి ఉందేమో, డబ్లిన్‌కి దగ్గరి ఊరు డ్రోహెడా నుంచి ఒకతను పెట్టిన మెసేజ్ చూసి, నేను వస్తున్నానని రాసేశాను. వెంటనే ఫోన్ చేశాడు. అతని భార్యకి మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదట. ఇప్పుడు రెండోది. మేం దిగే రోజు మధ్యాహ్నం రెండింటికే ఆపరేషన్. అమ్మ పక్కన లేకపోతే థియేటర్‌లోకి వెళ్ళనని ఆ అమ్మాయి ఒకటే ఏడుపట. "మీరే దిక్కక్కా" అన్నాడు. ఎందుకు ఒప్పుకున్నానురా భగవంతుడా అని అప్పుడే అనుకున్నాను.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఆంటీని చూశాను. గుంటూరు జిల్లా మనిషి. నేత చీర, కాళ్ళకి తెల్లటి స్పోర్ట్స్ షూ, చంకలో శొంఠీ వామూ ఉన్న గుడ్డసంచి. కూర్చున్నది వీల్‌చైర్‌లో. పాపం కాళ్ళు పడిపోయాయి కాబోలు అనుకున్నాను.

విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. ఆ ఊరి పేరెందుకు గానీ, యూరప్‌లో బాగా రద్దీగా ఉండే ఎయిర్‌పోర్టు అది. డబ్లిన్ విమానానికి మిగిలింది గంటా పది నిమిషాలు. ఒక్కదాన్నే అయితే కళ్ళు మూసుకుని అందుకుంటాను. కానీ వీల్‌చైర్ వాళ్ళని ముందుగా ఒక గదిలో కూర్చోబెడతారు. అక్కడికి బ్యాటరీ బండి వచ్చి ఒక్కొక్కరినీ గేటు దాకా తీసుకెళ్తుంది. ఆంటీని ఆ గదిలో వదిలి, తోసుకొచ్చినతను ఇరవై నిమిషాల్లో వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. చుట్టూ మరో అయిదారుగురు మన తల్లులే, చీరల మీద స్వెట్టర్లు వేసుకుని, ఒడిలో పాస్‌పోర్టులు పట్టుకుని కూర్చున్నారు.

ఇరవై నిమిషాలు అరగంటయింది. బల్ల దగ్గరున్నామెని అడిగితే బండి వస్తోందంది. మళ్ళీ అడిగితే అదే మాట. ఈ విమానం తప్పితే ఏమిటి గతి అని అడిగాను. ఆ రోజు డబ్లిన్‌కి ఇంకే విమానంలోనూ సీట్లు లేవంది. బయటికెళ్ళి పడుకుందామన్నా ఐర్లండ్ కాగితాలు అక్కడ చెల్లవు, మా ఇద్దరికీ యూరప్ వీసా లేదు. ఆ బల్లల మీదే తెల్లార్లూ పడి ఉండాలి. అక్కడ డ్రోహెడాలో రెండింటికి ఆపరేషన్.

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టుంది నా పని. నిజం చెప్పేస్తున్నాను, ఆంటీని వదిలేసి పోదామనుకున్నాను. బ్యాగు తగిలించుకుని తలుపు దాకా వెళ్ళాను కూడా. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ నా వంకే చూస్తోంది. పిలవలేదు. సంచి ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది, అంతే.

వెనక్కొచ్చి, ఆవిడ ముందు గొంతుక్కూర్చుని అడిగాను. "ఆంటీ, నాలుగడుగులైనా వేయలేరా?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నడుస్తానమ్మాయ్. మొన్న మా పిల్ల మొక్కు కోసం తిరపతి కొండ నడిచే ఎక్కా."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. తర్వాత గుసగుసగానే అసలు సంగతంతా చెప్పింది. కాళ్ళు సుబ్బరంగా ఉన్నాయి. లేనిది ఇంగ్లీషు. వీల్‌చైర్ పెట్టిస్తే ఎవరో ఒకరు చేయి పట్టుకుని గేటు దాకా దింపుతారని కూతురే టికెట్‌లో రాయించింది. మన వాళ్ళు అందరూ చేసే పనే. డబ్లిన్ వచ్చేదాకా లేవకు, లేచావంటే అబద్ధమాడామని తెలిసిపోయి వెనక్కి పంపిస్తారని కూడా ఆ పిల్లే చెప్పిందట. అందుకని ఆ మనిషి హైదరాబాద్ నుంచి దాహమేసినా లేవలేదు.

"నా మూలాన మా పిల్లకి మాట రాకూడదు కదా," అంది.

తిట్టడానికి నోరు రాలేదు. లేవండి, ఎవరేమన్నా నేను చెప్పుకుంటాను అన్నాను. ఆవిడ కుర్చీ చేతుల మీద బరువేసి, దొంగతనం చేస్తున్నట్టు మెల్లిగా లేచింది. పక్కనున్న తల్లులందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. బల్ల దగ్గరామె కూడా చూసింది. మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగింది.

ఇక చూడాలి ఆవిడ నడక! కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నాకంటే ముందు పోతోంది. సెక్యూరిటీ, మెట్లు, టెర్మినళ్ళ మధ్య తిరిగే రైలు, మళ్ళీ మెట్లు. నాకు ఆయాసం, ఆవిడకి చెమటైనా పట్టలేదు. గేటు మూసేస్తుంటే చేరాం. చివరి ఇద్దరం మేమే.

విమానంలో కూర్చున్నాక ఆవిడ మంచినీళ్ళు తాగి, నా వైపు తిరిగి తీరిగ్గా అడిగింది. నీకోసం ఎవరొస్తారమ్మాయ్ అని. ఎవరూ రారని అంటే పెళ్ళి ఎందుకు కాలేదు, ఎవరితో ఉంటావు, వంటెవరు చేస్తారు అని మొదలవుతుంది. ఆ గొడవెందుకని, వస్తారన్నాను. తృప్తిగా తలూపి కళ్ళు మూసుకుంది.

డబ్లిన్‌లో విమానం తలుపు దగ్గర మళ్ళీ వీల్‌చైర్ పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆవిడ దానికేసి ఒక చూపు చూసి, దండం పెట్టి నడిచి వచ్చేసింది. ఇమిగ్రేషన్‌లో ఎందుకొచ్చావని అడిగితే నేను చెప్పాను, ఆఫీసరు గ్రాండ్ అని, అంటే అక్కడి వాడుకలో సరేనని, స్టాంపు కొట్టాడు. బయట అల్లుడు నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని మొహం. పన్నెండు కావస్తోంది, డ్రోహెడా వెళ్ళేసరికి అరగంట. నాకు దండాలు పెట్టి, బండి పార్కింగ్‌లో ఉంది పదండత్తయ్యా అన్నాడు.

ఆంటీ కదల్లేదు.

"ఈ అమ్మాయి వాళ్ళు రానీ. ఆడపిల్లని ఒక్కదాన్నే వదిలి ఎట్టా పోతాం?"

నాకు నలభై ఒకటి. పర్లేదు వెళ్ళండి అన్నాను. అయిదు నిమిషాలేగా అంది. అల్లుడు గడియారం చూసుకుంటున్నాడు. ఆవిడ మాత్రం లోపలికొచ్చే ప్రతి మనిషినీ చూస్తూ, ఇతనా, ఆవిడా అని అడుగుతోంది. అక్కడ కూతురు మంచం మీద తలుపు వంక చూస్తూ ఉంటుంది. నా అబద్ధం ఇక్కడ ఆవిడని నిలబెట్టేసింది.

"ఎవరూ రారు ఆంటీ," అన్నాను. "నాకు ఇక్కడ ఎవరూ లేరు."

పదకొండేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

ఆవిడ నా మొహంలోకి చూసింది. పెళ్ళి గురించి అడగలేదు. వంట గురించి అడగలేదు. "ఇల్లు చేరాక ఫోన్‌లో చెప్పు," అంది. అల్లుడి వెంట గబగబా వెళ్ళిపోయింది. అద్దాల తలుపు అవతల ఆ తెల్ల షూ కాసేపు కనిపించాయి.

నేను బస్సెక్కి ఇంటికొచ్చాను. పాలు లేవు, కొనుక్కొచ్చాను. టీ తాగాను. బట్టలు మెషిన్‌లో వేశాను. పక్కమీద వాలి నిద్రపోయాను.

లేచేసరికి వాన. ఫోన్‌లో అల్లుడి మెసేజ్ ఉంది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా బాగున్నారు, లోపలికి తీసుకెళ్ళేదాకా అత్తయ్య చేయి వదల్లేదు అని. దాని కింద ఒకటి, ఇంకో గంటకి మరొకటి. రెండింట్లోనూ అదే ప్రశ్న. ఇల్లు చేరారా అని అత్తయ్య అడుగుతున్నారక్కా.

నేను చేరి అప్పటికి అయిదు గంటలైంది. చెప్పాలన్న సంగతే తోచలేదు. అమ్మ పోయాక చేరానని ఎవరికీ చెప్పలేదు నేను.

చేరానని రాశాను.