చెక్కలు నేర్పబడును

ఆ రోజుల్లో బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి తెలివి తక్కువైనా సర్దుకునేవారు గానీ, హాబీ లేకపోతే మాత్రం జాలిగా చూసేవారు. చేరిన వారంలోనే మమ్మల్నందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, వారాంతాల్లో ఏం చేస్తారో చెప్పమన్నారు. ఒకడు కొండలెక్కుతానన్నాడు. ఒకమ్మాయి కుండలు చేస్తానంది. ఇంకొకడు కొండా కుండా కాకుండా ఇంట్లో రొట్టె పులియబెడతానన్నాడు. వారాంతాల్లో నేను చేసే ఏకైక పని నిద్ర. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి, ఎదురుగా కనిపించిన బల్లను చూసి "చెక్కపని" అనేశాను. (ఆ బల్ల మీద సమోసాలుండి ఉంటే నా జీవితం ఇంకో దారి పట్టేది.) అందరూ ఎంత గౌరవంగా చూశారంటే, అన్న మాటను నిజం చేసుకోక తప్పని పరిస్థితి వచ్చింది.

అదృష్టమో దురదృష్టమో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నేను అద్దెకుంటున్న అపార్ట్‌మెంటు కింద, బేస్‌మెంటులో, నిజంగానే ఒక చెక్కపని క్లబ్బు ఉండేది. దాని అధ్యక్షుడూ, వ్యవస్థాపకుడూ, చాలాకాలం ఏకైక సభ్యుడూ కాటన్‌పేట మామ. మిగతావాళ్ళు ఆయన్ని అంకుల్ అనేవారు. మాది హిందూపురం వైపు. ఆయన నోరు తెరిస్తే మా వీధిలో నిలబడ్డట్టుండేది కనుక నేను మామా అనేవాణ్ణి. తాతల కాలం నుంచీ కాటన్‌పేటలో తాళ్ళూ గోనె సంచులూ అమ్మిన కుటుంబం వారిది. ఈయన మనసు మాత్రం గోనె మీద కాక కొయ్య మీద ఉండేది. దుకాణం వెనక, మంచమంత పొడవైన టేకు బల్ల ఒకటి వేసుకుని, బేరాలు లేనప్పుడల్లా దాని మీద ఏదో ఒకటి కోస్తూ, చిత్రిక పడుతూ గడిపాడట. దుకాణం తమ్ముడికి అప్పగించి ఫ్లాటుకు వచ్చేటప్పుడు బల్ల కూడా వెంట వచ్చింది. లిఫ్టులో అది పట్టలేదు. మెట్ల మలుపు ఒప్పుకోలేదు. అత్త అభ్యంతరం ఈ రెంటికన్నా స్పష్టంగా ఉండింది: "అది లోపలికొస్తే నేను బయటికి పోతా, ఆలోచించుకో." అందుకని బల్ల బేస్‌మెంటు మూల గదిలో దిగింది. ఒక బల్లకు గది ఇవ్వడానికి అపార్ట్‌మెంటు నిబంధనలు ఒప్పుకోవు గనుక, దాని చుట్టూ ఒక క్లబ్బు పుట్టింది. నేను చేరిన రోజునే నన్ను కార్యదర్శిని చేశారు. పోటీ ఎవరూ లేరు.

చేరాక తెలిసింది, నాకూ కొయ్యకూ జాతకాలు కలవవని. నేను చేసిన మొదటి పీటకు మూడు కాళ్ళు ఒకే మాట మీద నిలబడేవి. నాలుగోదానికి సొంత అభిప్రాయాలుండేవి. "పర్లేదప్పా, కూర్చునేవాడు నిద్రపోకుండా ఉంటాడు" అని మామ దాన్ని మెచ్చుకున్నాడు. క్లబ్బు పరిస్థితి కూడా ఆ పీటలాంటిదే. పక్షిగూళ్ళు చేద్దాం రండి అని పిలిస్తే ఎవరూ రాలేదు. మరమ్మతులు నేర్పుతాం రండి అంటే, మనుషులు రాలేదు గానీ కుర్చీలు వచ్చాయి. వాటిని బాగుచేసి పంపిస్తే కృతజ్ఞతగా ఇంకొన్ని కుర్చీలు వచ్చాయి. మూడో అంతస్తు కుర్రాడొకడు ఎంతో ఉత్సాహంగా సభ్యుడై, తన మంచం కోడు సరయిన మర్నాటి నుంచి కనిపించలేదు. మాది చెక్కేవాళ్ళ క్లబ్బని పేరే గానీ, చేరినవాళ్ళంతా చెక్కేసేవాళ్ళే.

ఇలా ఉండగా లిఫ్టులో ఒక కాగితం వెలిసింది. మా అసోసియేషన్ అధ్యక్షుల వారు ఎదురుపడితే నవ్వి ఊరుకుని, చెప్పదలచుకున్నది లిఫ్టులో అతికించేవారు. అందుకే ఆయన్ని సర్క్యులర్ సార్ అనుకునేవాళ్ళం. ఈసారి సర్క్యులర్ సారాంశం ఏమిటంటే, రాబోయే సర్వసభ్య సమావేశం లోపల చెక్కపని క్లబ్బుకు తగినంతమంది సభ్యులు చేరకపోతే, మూల గదిని కుక్కల స్నానాల గదిగా మారుస్తారు. మా అపార్ట్‌మెంటులో కుక్కలకు పలుకుబడి ఎక్కువ. సమయం వచ్చినప్పుడు అవి గట్టిగా మొరుగుతాయి. మేం మీటింగులకే వెళ్ళం.

ఆ సాయంత్రం కిందికి వెళ్తే మామ బల్లను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. "గది పోతే దీన్నేం చేసేదప్పా, నెత్తిన పెట్టుకోని తిరిగేదా? రెండుగా కోసి వసారాలో వేసుకోమంటుండాది మీ అత్త." నవ్వుతూనే అన్నాడు గానీ, గుడ్డ పక్కన పెట్టి, "కోస్తే ఇంక బల్ల కాదు అది. కట్టెలు" అన్నాడు. ఆ మాటతో నాలో నిద్రపోతున్న కార్యదర్శి లేచాడు.

అందరినీ ఒకేసారి పిలవడం వల్లే ఎవరూ రావడం లేదని నా సిద్ధాంతం. ముందు తెలుగువాళ్ళను పట్టుకుందాం, మొహమాటానికైనా వస్తారు అన్నాను. మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపుండేది. అందులో ఎక్కువమంది గుంటూరు, విజయవాడ వైపు వాళ్ళు. మామా నేనూ కలిసి, ఒక్కో మాటా చిత్రిక పట్టినంత నున్నగా, ఇలా రాశాం: "ఈ ఆదివారం ఉదయం బేస్‌మెంటు మూల గదిలో చెక్కలు చేయడం నేర్పబడును. అనుభవం అక్కరలేదు. కొలతల నుంచి నూనె దాకా అన్నీ నేర్పుతాం. ఎవరు చేసినవి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళవచ్చు. గట్టిదనానికి మాది పూచీ."

పంపిన కాసేపటికే ఫోను మోగడం మొదలైంది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు వీళ్ళంతా అనిపించింది. ఎన్నాళ్ళు నిలవుంటాయండీ అని ఒకావిడ అడిగింది. సరిగ్గా చేస్తే మీ మనవళ్ళ దాకా ఉంటాయి అని రాశాను. పొట్టు ఉంటుందా అని ఇంకొకరు. చాలా ఉంటుంది, మేమే ఊడ్చుకుంటాం అన్నాను. ఏ నూనె వాడతారని ప్రశ్న వచ్చింది. మామను అడిగి, అవిసె నూనె అని రాశాను. "అబ్బో, ఆరోగ్యానికి మంచిదట" అని నలుగురు బొటనవేళ్ళెత్తారు. రెండో అంతస్తు గుంటూరు పిన్నిగారు మాత్రం, "మా అత్తగారికి పళ్ళు లేవు బాబూ, ఆవిడ సంగతేమిటి?" అని రాసింది. ఎంత చమత్కారం అనుకుని, నేనూ తగ్గకుండా, "రంపానికి పళ్ళుంటే చాలండీ" అని బదులిచ్చాను. ఆవిడ నవ్వు బొమ్మ పెట్టింది. (ఆ నవ్వుబొమ్మ చూసుకుని ఆ రాత్రి చాలాసేపు మురిసిపోయాను.)

ఆదివారం మామ తెల్లచొక్కా వేసుకొచ్చాడు. పొడవాటి పలకలు గోడకు ఆనించి, రంపాలూ ఉలులూ వరసగా పేర్చి, గుమ్మంలో నిలబడ్డాం. లిఫ్టు దిగింది. మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ దిగింది. కారు పార్కింగు మీదుగా ఒక ఊరేగింపు వస్తోంది. అందరూ ఆడవాళ్ళే, వెనకాల ఒకరిద్దరు మొగుళ్ళు బరువులు మోస్తూ. మామ నా భుజం గట్టిగా పట్టుకుని, "చూస్తివా అప్పా, గెలిచినాము" అన్నాడు. దగ్గరకొచ్చాక బరువులు కనబడ్డాయి. బియ్యప్పిండి బేసిన్లు, నానబెట్టిన శనగపప్పు, నువ్వుల డబ్బా, ఒకరి చంకలో బాణలి.

గుంటూరు పిన్నిగారు లోపలికి వచ్చి గోడ వైపు చూసింది. "రంపం ఎందుకు బాబూ?"

"కోయడానికండీ. కోసి, చిత్రిక పట్టి, ఉలితో చెక్కి..."

"పిండినా?"

బాణలి మోస్తున్న మొగుడుగారు దాన్ని కింద పెట్టడానికి కూడా జంకాడు. నాకు ఒక్కొక్క సందేశం గుర్తుకొచ్చి చెవులు వేడెక్కుతున్నాయి. మామకు మాత్రం ఇంకా అర్థం కాలేదు. ఎవరో చేతులు తిప్పి, పలుచగా, గుండ్రంగా, నూనెలో అని వివరించాక, "ఓహో, నిప్పట్లా" అన్నాడు తేలిగ్గా. "నిప్పట్లు అని పెట్టింటే సరిపోతుండె కదమ్మా."

"పెట్టింది మీరేనండీ" అంది పిన్నిగారు. "మా వైపు వాటిని చెక్కలంటారు. మీ వైపు చెక్కని ఏమంటారో?"

"చెక్కనే అంటాం" అన్నాను సన్నగా. మా ఇళ్ళలో ఆ తినేవాటికి నిప్పట్లన్న పేరు తప్ప ఇంకోటి లేదు. మేమిద్దరం కాక ఇంకెవరు రాసినా ఈ తప్పు జరిగేది కాదు.

కొందరు నవ్వారు, కొందరు బేసిన్లు ఎత్తుకున్నారు. తిరిగి వెళ్ళడానికి అందరూ గుమ్మం వైపు మళ్ళుతుండగా పార్కింగు అవతల సర్క్యులర్ సార్ కనిపించారు. పక్కన ప్లంబరు, చేతిలో కొలతల టేపు. కుక్కల షవరు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి వస్తున్నారన్నమాట. మామ వాళ్ళను చూశాడు. వెళ్ళి బల్ల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా" అన్నాను, తరువాత ఏమనాలో తెలియకుండానే. "ఈ చెక్కలు... అంటే మీ చెక్కలు... ఎలా చేస్తారు?"

ప్రశ్న ఎంత తెలివితక్కువదైనా, వంట గురించి అడిగితే జవాబు చెప్పకుండా వెళ్ళేవాళ్ళు అరుదు. పిన్నిగారు ఆగి, పిండి ముద్ద కవరు మీద పెట్టి గిన్నె అడుగుతో అదమాలనీ, ఒకటి మందంగా ఒకటి పలచగా వస్తుందనీ, పండక్కి చేసేసరికి మణికట్టు పడిపోతుందనీ చెప్పింది. అందరూ తలో మణికట్టూ చూపించారు. మామ మెల్లగా తలెత్తాడు.

"రెండు పలకలు తీసుకోని ఒక పక్క మడతబందు వేసి, పిడి పెడితే?" రెండు అరచేతులూ పుస్తకంలా తెరిచి మూశాడు. "నడాన ముద్ద పెట్టి ఒక్కసారి ఒత్తితే చాలు కదమ్మా. అన్నీ ఒకే మందం వస్తాయి."

పిన్నిగారు ఆ చేతుల్ని చూసింది. "అది మీరు చేసిస్తారా?"

"చేసియ్యను. నేర్పిస్తా" అన్నాడు మామ. ఆయనలో అంత గట్టి అధ్యక్షుణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

సర్క్యులర్ సార్ లోపలికి అడుగుపెట్టేసరికి పిన్నిగారు కొంగు దోపుకుని రంపం పట్టుకుని ఉంది. "ఎక్కడ నేర్చుకున్నారు ఇంత బాగా పట్టుకోవడం" అని నేను అడిగితే, "పాతికేళ్ళుగా రాత్రిళ్ళు మా ఆయన రంపపు కోత వింటున్నా బాబూ, ఆమాత్రం రాదా" అంది. బాణలి మోసిన మొగుడుగారు ఎటో చూశాడు.

"ఏనప్పా సెక్రెటరీ, ఏమి యాక్టివిటీ ఇది?" అన్నారు సర్క్యులర్ సార్ కన్నడం కలిసిన తెలుగులో, నిండిన గదిని నమ్మలేనట్టు చూస్తూ.

"చెక్కలు సార్" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత నిజం, అంత లౌక్యం ఒకే మాటలో మళ్ళీ పడలేదు.

"ఇవరెల్ల మెంబర్సా?" అని అడిగారాయన, వీళ్ళంతా సభ్యులేనా అని. నేను తడబడేలోపు పిన్నిగారు, "మరి ఊరికే వచ్చామా? రాసుకోండి" అంది. ఆయన పిండి బేసిన్ల వైపు అనుమానంగా చూశారు గానీ, చెక్కపనికి బియ్యప్పిండి వాడకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. ప్లంబరు టేపు చుట్టేసుకున్నాడు.

మొదటి అచ్చుపలక మధ్యాహ్నానికి తయారైంది. బేస్‌మెంటులో పొయ్యి వెలిగించకూడదు కనుక, దాంతో ఒత్తిన చెక్కలను పిన్నిగారింట్లో వేయించి కిందికి తెచ్చారు. ఆ ఆదివారం నుంచి క్లబ్బు నడక మారిపోయింది. ఏ నెలలో ఏం చేయాలో పిన్నిగారు చెప్పేది, మామ ఎలాగో చూపించేవాడు. కవ్వాలు, పప్పుగుత్తులు, పోపులపెట్టెలు. కొన్నాళ్ళకు మొగుళ్ళూ వచ్చారు, ఇంట్లో ఒంటరిగా ఉండలేక. సమావేశంలో గది సంగతి ఎవరూ ఎత్తనేలేదు. కుక్కలు యథాప్రకారం ఇళ్ళలోనే స్నానం చేశాయి. బల్ల చుట్టూ చోటు దొరక్క నేనే వెనక నిలబడేవాణ్ణి. (నేను చేసిన అచ్చుపలకకు బందు తిరగబడి పడింది. పిన్నిగారు దాన్ని ఫోను ఆనించుకుని వంటలు చూడటానికి వాడుకుంది. పనికొచ్చింది అంటే చాలు కదా.)

ఆ తరువాత ఉద్యోగం మారి ఊరి ఇంకో కొసకు వెళ్ళిపోయాను. ఇప్పుడు నా పనే సందేశాలు రాయడం. కంపెనీలో ఏ కార్యక్రమం జరిగినా ఆహ్వానం నేనే రాయాలి. ప్రతి మాటనూ ఇద్దరు ముగ్గురు చదివి, రెండర్థాలు వచ్చేదేదీ లేకుండా కోసిపారేస్తారు. అంత స్పష్టంగా పిలిస్తే జనం రావడం లేదు. మొన్నటి కార్యక్రమానికి పెద్ద హాలు తీసుకుంటే వచ్చింది గుప్పెడు మంది. వాళ్ళలో ఇద్దరు తలుపు దగ్గరే ఆగి, గది తప్పి వచ్చామండీ, క్షమించండి అన్నారు. వెళ్ళిపోబోతున్న వాళ్ళను చూస్తే పిండి బేసిన్లు ఎత్తుకుంటున్న చేతులు గుర్తుకొచ్చాయి.

పర్లేదు, కూర్చోండి అని చెరో కుర్చీ లాగాను.