కరీమున్నీసా గారు అప్పగించిన సైకిల్

మొన్న ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగేసరికి కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. స్తంభానికి ఒక సైకిల్ చక్రం ఆనించి ఉంది. ఆ చక్రానికి, స్తంభానికి కలిపి బొటనవేలు లావున గొలుసు తాళం. అంతే. చక్రం వెనకాల ఉండాల్సిన సైకిల్ లేదు. మూడో అంతస్తు డాక్టరు గారు తాళంచెవి చేత్తో పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. "తాళం తాళంలాగే ఉందండీ! దాన్నెవరూ ముట్టుకోనే లేదండీ!" అంటున్నారు, సైకిల్ పోయినందుకు కాక, తాళం ఇంత పని చేసినందుకు నిర్ఘాంతపోయినట్టు. మామూలుగా అయితే నేను అక్కడికక్కడే ఓ కథ అల్లేసేవాణ్ణి. దొంగ వెనక చక్రం ఒక్కదాని మీద సర్కస్ చేసుకుంటూ బెంజి సర్కిల్ దాటాడనీ, ట్రాఫిక్ కానిస్టేబులు చప్పట్లు కొట్టి పంపించాడనీ చెప్పేవాణ్ణి. కానీ నోరు తెరవబోయేలోపు చెవిలో ఒక గొంతు వినిపించింది. "కాలికి తాళం వేస్తే ఒళ్ళు పారిపోదా, ప్రసాద్ గారూ?"

ఆ గొంతు కరీమున్నీసా గారిది. మైలవరం దగ్గర ఒక హైస్కూల్లో నేను సోషల్ మాస్టారుగా పనిచేసినప్పుడు ఆవిడ మా హెడ్మిస్ట్రెస్. ఇప్పుడు లేరు. ఉన్నన్నాళ్ళూ ఆవిడ మైలవరం నుంచి బడికి నల్లటి లేడీస్ సైకిల్ మీదే వచ్చేవారు. చీర కుచ్చెళ్ళు చైన్‌కు తగలకుండా ఎడమచేత్తో ఒడిసిపట్టి, తలమీద కొంగు జారకుండా, కుడిచేత్తో బెల్లు కొడుతూ వచ్చేవారు. నేను విజయవాడ నుంచి బస్సులో కొండపల్లి మీదుగా ఒళ్ళు హూనం చేసుకుని దిగేసరికి ఆవిడ సైకిల్ గేటు దగ్గరి ఇనపకమ్మీకి కట్టేసి ఉండేది. కట్టేసి అనే అనాలి. వెనక చక్రానికి ఒక తాళం, ఫ్రేములోంచి కమ్మీ చుట్టూ తిప్పి గొలుసు తాళం. అది చాలదన్నట్టు సీటు కూడా చిన్న తీగతో బిగించి ఉండేది. "బర్రెను కూడా ఇంత గట్టిగా కట్టెయ్యరు మేడం" అన్నాను మొదటిరోజే. "బర్రె అయితే ఇంటికి దారి వెతుక్కుంటుందండీ. సైకిల్‌కు ఆ తెలివి లేదు" అన్నారు.

నాకు కోతలు కొయ్యడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒకసారి స్టాఫ్ రూములో, కాలేజీ రోజుల్లో నా సైకిల్ పోయిన కథ చెప్పాను. దొంగ దాన్ని తొక్కలేక బందరు కాలవలో పడేశాడనీ, అది కాలవ వెంట కొట్టుకుపోయి, చేపలవాళ్ళ వలలో పడి, అవనిగడ్డలో ఒకాయన పెళ్ళికి కట్నంగా వెళ్ళిందనీ చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. కరీమున్నీసా గారు మాత్రం జవాబుపత్రం దిద్దుతున్నట్టు విని, "తాళం వేశారా?" అన్నారు.

"వేశాను మేడం."

"దేనికి?"

"ముందు చక్రానికి."

"మరింకేం. ఈదక ఏం చేస్తుంది" అని మళ్ళీ తన కాగితాల్లోకి తలవంచారు. ఆ రోజు నా కథకంటే ఆవిడ మాటకే ఎక్కువ నవ్వారని నాకు ఇప్పటికీ చిన్న ఉక్రోషం.

ఆ ఏడాది మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం వారి సైకిళ్ళు వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొలాల గట్ల వెంట నడిచి వచ్చే పిల్లలకు రెక్కలు వచ్చినట్టయింది. అన్నీ ఒకే రంగు, ఒకే బుట్ట, ఒకే తాళం. పిల్లలు తాళంచెవులు మెడలో తాయెత్తుల్లా వేలాడేసుకుని తిరిగేవారు. నెల తిరక్కుండానే ఒక ఉదయం ప్రార్థన అయ్యాక కరీమున్నీసా గారు ఎవరినీ క్లాసులకు వెళ్ళనివ్వలేదు. ముందు వరసలో ఉన్న ఒక పిల్ల మెడలోంచి తాళంచెవి అడిగి తీసుకుని, సైకిళ్ళ దగ్గరికి నడిచారు. ఆ పిల్ల సైకిల్ తాళం తీశారు. సరే. పక్కదాని తాళంలో అదే చెవి పెట్టి తిప్పారు. టక్కుమని ఊడింది. ఆ పక్కది మొరాయించింది గానీ, దాని తర్వాతది ఊడింది. ఆ తర్వాతదీ ఊడింది. ఒక్కొక్క 'టక్కు'కీ పిల్లల్లోంచి ఒక్కొక్క కేక. ఇన్నాళ్ళూ మేమందరం తాళాలని నమ్మినవి ఉత్త నగలన్నమాట.

"అదిరిపడ్డారా? అదే నాకు కావాల్సింది. అదిరినవాళ్ళకే అలవాట్లు అబ్బుతాయి" అన్నారావిడ. వారం తిరిగేలోపు ప్రతి పిల్లా వేరే దుకాణంలో కొన్న గొలుసు తాళం తెచ్చుకోవాలన్నారు. దాన్ని ఫ్రేములోంచి పోనిచ్చి ఇనపకమ్మీకి వెయ్యాలి. తాళం మీద ఎవరి గుర్తు వాళ్ళు గోళ్ళరంగుతో పెట్టుకోవాలి. ఇంట్లో ఉన్న రెండో చెవి ఎక్కడుందో అమ్మానాన్నలకు తప్ప ఎవరికీ చెప్పకూడదు. పిల్లలు తాళాల మీద నెమలీకలు, గుండెలు, వంకర ఇంగ్లీషు అక్షరాలు గీసుకొచ్చారు. శిరీష అనే పిల్ల గులాబిరంగు మామిడికాయ గీసుకొచ్చింది. వాళ్ళ నాన్న కోటయ్య మామిడితోట కాపలాదారు. తోటలోనే పాక. బడికి దూరం, బస్సు లేదు. సైకిల్ వచ్చాకే ఆ పిల్ల బడికి రోజూ రావడం మొదలుపెట్టింది.

చలికాలం చివర, మామిడి పూత మీదున్న రోజుల్లో శిరీష రావడం మానేసింది. మూడోరోజున వాళ్ళ ఊరి పిల్ల కబురు తెచ్చింది. పాక ముందు చెట్టుకు కట్టేసిన సైకిల్‌ను ఎవరో ఎత్తుకుపోయారట. శిరీష ఏడుస్తోందట. నడిచి వెళ్ళడం కుదరదు, ఇక చదువు చాలు అన్నాడట వాళ్ళ నాన్న.

"గొలుసు తెంచారా?" అని అడిగారు కరీమున్నీసా గారు.

"గొలుసు కూడా లేదండీ. మొత్తం పోయింది."

ఆ సాయంత్రం బడి వదిలాక ఆవిడ నన్ను తోడు రమ్మన్నారు. తన సైకిల్ నడిపించుకుంటూ బయలుదేరారు. "ఆ పిల్లకు నా సైకిల్ ఇచ్చేద్దామనుకుంటున్నా ప్రసాద్ గారూ. నేను ఆటోలో వస్తే అరిగిపోను కదా" అన్నారు. దారిపొడవునా పూత వాసన. కోటయ్య గురించి నేనే చెప్పాను, అతని తోటలో పిట్ట కూడా అడిగి వాలుతుందని. ఇందులో నా కల్పన కొద్దిగానే ఉంది. యజమాని ఉండేది విజయవాడలో. ఏళ్ళ తరబడి ఒక్క కాయ పోలేదని, రాలిన కాయను కూడా కోటయ్య తన పిల్లకు పెట్టకుండా కుప్పలో వేస్తాడని ఆ చుట్టుపక్కల అందరూ చెప్పుకునేవాళ్ళు.

తోట గేటు వేసి ఉంది. పిలుద్దామని ముందుకు వెళ్ళిన నేను అక్కడే కొయ్యబారిపోయాను. గేటుకు చుట్టి ఉన్నది కొత్త గొలుసు తాళం. దానిమీద గులాబిరంగు మామిడికాయ.

దొంగ ఎవరో నాకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. కన్నకూతురి సైకిలా? "మేడం..." అంటూ వెనక్కి తిరిగాను. కరీమున్నీసా గారు నాకంటే ముందే చూసినట్టున్నారు. నా కాలిమీద తన చెప్పుకాలు వేసి నొక్కారు. గట్టిగానే నొక్కారు. ఎందుకు పారెయ్యలేదీ తాళాన్ని అనుకున్నాను. తర్వాత తోచింది, మంచి తాళాన్ని పారెయ్యడానికి కాపలావాడికి చేతులెలా వస్తాయి?

కోటయ్య వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, గేటు తెరవడానికి గొలుసు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. మా ఇద్దరి కళ్ళూ ఎక్కడున్నాయో చూశాడు. మనిషి ముఖం అంత తొందరగా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

"తాళం బాగుంది కోటయ్య గారూ. గట్టి తాళం" అన్నారు కరీమున్నీసా గారు.

కోటయ్యను 'గారూ' అన్నవాళ్ళు ఆ మండలంలో ఇంకెవరైనా ఉన్నారనుకోను. అతను తల దించేశాడు. పాక గుమ్మంలో శిరీష నిలబడి ఉంది, మాటలు వినపడనంత దూరంలో.

"రోడ్డుమీద కుర్రాళ్ళు బళ్ళేసుకుని వెంట పడుతున్నారమ్మా" అన్నాడు, మాట గొంతులోంచి కాక తువ్వాల్లోంచి వచ్చినట్టు. "పిల్ల నాతో చెప్పదు. నాకు ఇంకోళ్ళు చెప్పారు. వద్దంటే ఏడుస్తది. దాని ఏడుపు నేను చూడలేను. సైకిల్ లేకపోతే అదే మానుకుంటదని... తోటకు పురుగుమందులు తెచ్చిన ట్రాలీలో ఎక్కించి మావాళ్ళ ఊరు పంపించేశా."

ఆవిడ ఇప్పుడు అతన్ని కడిగేస్తారనుకున్నాను. నాకే తిట్లు వరసగా నోటికొస్తున్నాయి. ఆవిడ మాత్రం తన సైకిల్ స్టాండు వేసి, రెండు తాళాల చెవులూ తీసి, కోటయ్య అరచేతిలో పెట్టారు.

"ఇది నా సైకిల్. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా నాన్నగారు కొనిచ్చింది. దీన్ని శిరీషకు ఇవ్వడం లేదు. మీకు అప్పగిస్తున్నాను. మావాళ్ళలో దీన్ని అమానత్ అంటాం. ఒకరి సొత్తు ఇంకొకరి దగ్గర ఉంచడం. పది పాసయ్యేదాకా మీ అమ్మాయి తొక్కుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక దీని కాపలా మీది. బోల్టు పోయినా నాకు జవాబు చెప్పాల్సింది మీరు."

"నాకా అమ్మా?" అన్నాడు కోటయ్య. నేను మనసులో అన్నదీ అదే. దొంగ చేతికా?

"మీకంటే మంచి కాపలాదారు ఈ చుట్టుపక్కల ఉంటే చెప్పండి, ఆయనకే ఇస్తాను. ఇక రోడ్డు సంగతి. రేపటి నుంచి బళ్ళో ఇద్దరిద్దరి సైకిళ్ళు ఒకే గొలుసుతో కట్టిస్తాను. మీ ఊరి పిల్లదీ, శిరీషదీ కలిపి. ఒకరు లేకుండా ఇంకొకరు కదలరు. కుర్రాళ్ళ సంగతి నేను చూస్తాను. వాళ్ళలో సగం మంది నా దగ్గర హిందీలో తప్పినవాళ్ళే అయ్యుంటారు."

తిరిగి వస్తూ నేను ఆగలేకపోయాను. "అయ్యో మేడం! సొంత కూతురిదే దొంగతనంగా సాగనంపినవాడు, మీది ఉంచుతాడా?"

"కూతురిది తనదే అనుకున్నాడండీ, అందుకే పంపించాడు. తన చేతిలో ఉన్న పరాయి సొమ్ము ఆ మనిషి ముట్టడు. చూశారుగా, రాలిన కాయే ముట్టడు." నాలుగడుగులు వేసి, "అయినా రేపు మైలవరంలో పాత సైకిళ్ళు కొనేవాళ్ళందరికీ నా సైకిల్ గుర్తులు చెప్పి వస్తాను. ఫ్రేము నంబరు నాకు కంఠతా వచ్చు" అన్నారు.

"అదేంటి మేడం, నమ్మారుగా!"

"నమ్మకం నమ్మకమే, తాళం తాళమే. ఒకటి వేశామని రెండోది మానేస్తామా?"

మర్నాటి నుంచి శిరీష బడికి వచ్చింది. కరీమున్నీసా గారు ఆటోలో, నలుగురి మధ్య ఇరుక్కుని వచ్చేవారు. రోడ్డుమీది కుర్రాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ అమ్మలతో మాట్లాడారని తర్వాత తెలిసింది. కోటయ్య సంగతి కూడా చెవిన పడేది. రోజూ చీకటి పడేలోపు సైకిల్ తుడిచి, గాలి చూసి, పాకలోకి తెచ్చి, మంచం కోడుకు గొలుసు వేసి పడుకునేవాడట. శిరీషకు జ్వరం వచ్చిన రోజున కూడా పిల్లను సైకిల్ మీద కూర్చోబెట్టి నడిపించుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాడట గానీ, తను ఎక్కి తొక్కలేదట. అలాంటి మనిషి కూతురి చదువును ట్రాలీ ఎక్కించాడంటే, భయం ఎంత పని చేయిస్తుందో అని నేను ఇప్పటికీ విస్తుపోతాను.

శిరీష పది పాసయింది. విజయవాడలో పాలిటెక్నిక్‌లో సీటు, హాస్టలు. చేరడానికి ముందు తండ్రీకూతుళ్ళు బడికి వచ్చారు. సైకిల్ మెరిసిపోతోంది. కోటయ్య తాళంచెవులు చాచి, "చూసుకోండమ్మా" అన్నాడు. ఎవరైనా ఫరవాలేదులే అంటారు. కరీమున్నీసా గారు అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని, చైన్, బ్రేకులు, చువ్వలు, సీటు కింద బోల్టు, ఒక్కొక్కటీ పట్టి చూశారు. అంతసేపూ కోటయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బెల్లు కూడా కొట్టి చూసి, "ఏదీ పోలేదు. అప్పగింత సరిపోయింది" అన్నారు. అతని భుజాలు అప్పుడు దిగాయి. ఆ మాట వినడానికే అతను ఇన్నాళ్ళూ నిద్ర కాచాడని నాకు తెలిసింది.

"ఇప్పుడిక ఇది శిరీషదే. కాలేజీకి తీసుకెళ్ళమ్మా" అన్నారావిడ.

శిరీష ముఖం వెలిగింది. కోటయ్య మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇచ్చెయ్యకండమ్మా" అన్నాడు. "మీదిగానే ఉండనివ్వండి. మా దగ్గర ఉంచండి."

శిరీషకు అర్థం కాలేదు. ఎప్పటికీ అర్థం కాకూడదనే మేము ఎవరమూ చెప్పలేదు. కరీమున్నీసా గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "సరే, నాదే" అన్నారు.

నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఏదైనా చేతికిచ్చేటప్పుడు, ఒక్కోసారి ఆగుతాను. ఇది ఇవ్వాల్సినదా, అప్పగించాల్సినదా అని. మరీ ముఖ్యంగా, ఒకసారి నమ్మకం పోగొట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడినప్పుడు. అప్పగించి చూస్తాను. చూసి, నా వంతు తాళం నేనూ వేసుకుంటాను.